పదిహేడో నంబరు బూజు

ఆ సోమవారం లేబుల్ మేడమ్ పెట్టుకున్న పని ఒక్కటే. బాత్రూమ్ గోడకు పట్టిన బూజు దేనితో పోతుందో తెలిసినవాళ్ళని అడగాలి. సబ్బు గూటి వెనక, పలకల సందుల్లో, ఉల్లిపొర రంగులో గుండ్రంగా పట్టింది అది. తోమితే పోతుంది, పది రోజులకు మళ్ళీ వస్తుంది. అక్క ఉన్న రోజుల్లో బాత్రూమ్ కడగడం అక్క వంతు. రెండేళ్ళ కిందట మనవణ్ణి చూసుకోవడానికి అక్క తన కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఈవిడా, ఆ బూజూ మిగిలారు.

తెలిసినవాళ్ళ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఆవిడ పనిచేసేదే బూజుల మీద పరిశోధన చేసే సంస్థలో. ఇరవై ఆరేళ్ళుగా సీసాలకు అంటించే చీటీలు రాస్తోంది. ఏ అడవి నుంచి, ఏ చెట్టు బెరడు మీంచి నమూనా వచ్చినా ఆవిడ చేతిరాత పడేదాకా దానికి పేరూ ఊరూ ఉండవు. కంప్యూటర్లు వచ్చాక కూడా, గడ్డకట్టే చలిగదుల్లో చేత్తో రాసిన చీటీయే చెరగకుండా నిలుస్తోందని ఆవిణ్ణి ఉంచేశారు. గది మాత్రం మెట్ల కింద ఇచ్చారు. అటువైపు వచ్చేవాళ్ళంతా ఎక్కుతూనో దిగుతూనో ఉంటారు కాబట్టి ఆగేవాళ్ళు తక్కువ.

రెండో అంతస్తులో ఒక కుర్ర శాస్త్రవేత్త ఉన్నాడు. అందరూ బూజు డాక్టరంటారు. అతన్ని అడుగుదామని ఆవిడ చెంచా కాడతో గోడ గీకి, ఆ పొడిని ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఖాళీ సీసాలో వేసుకుంది. బస్సులో కూర్చుని, మాట ఎలా మొదలుపెట్టాలో మూడు రకాలుగా అనుకుని చూసుకుంది. తీరా వెళితే డాక్టరు గదిలో లేడు. బల్ల మీద, కొండగుహలోంచి శనివారమే వచ్చిన నలభై నమూనాల ట్రే ఉంది. సీసాని దాని పక్కన పెట్టి, మధ్యాహ్నం వద్దామనుకుని దిగిపోయింది. దానికి చీటీ రాయలేదు. సొంత బాత్రూమ్ బూజుకి చీటీ ఏమిటని అనుకుంది.

మధ్యాహ్నం వెళ్ళి తొంగి చూస్తే గది నిండా జనం, పెద్ద పెద్ద మాటలు. ఆ మధ్యకు పోయి బాత్రూమ్ సంగతి అడగడానికి మొహం చెల్లలేదు. కిందికి వచ్చి అన్నం డబ్బా విప్పుకుంది.

సరిగ్గా అప్పుడే రిటైర్మెంటుకి దగ్గరపడిన ల్యాబ్ అసిస్టెంటు ట్రే పట్టుకుని దిగాడు. గుహ నుంచి వచ్చే దారిలో పదిహేడో సీసా పగిలిపోయింది, మోసుకొచ్చినవాళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ట్రేలో ఒక గుంట ఖాళీగా ఉంది, పక్కనే ఒక సీసా పడి ఉంది. తీసి గుంటలో పెట్టాడు. గుహ లోపలి గదిది, పదిహేడో దానికి చీటీ మర్చిపోయారు మేడమ్ అన్నాడు. ఆవిడ తల ఎత్తకుండా, నోట్లో ముద్దతోనే "గుహ, లోపలి గది, 17" అని రాసిచ్చింది. అంటించింది ఆయన.

సాయంత్రం చూస్తే బల్ల మీద తన సీసా లేదు. చెత్త అనుకుని పారేసి ఉంటారనుకుంది. అనుకున్నాక కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది. ఇంటికి పోతూ ఘాటైన క్లీనింగ్ ద్రవం ఒకటి కొనుక్కుని, ఆ కోపమంతా గోడ మీద చూపించింది. గోడ అద్దంలా తయారైంది. ఆ తర్వాత కూడా వారం వారం దాన్ని ఆ ద్రవంతోనే కడుగుతూ వచ్చింది.

అయిదు వారాలకు సంస్థలో కలకలం రేగింది. గుహ నమూనాల్లో పదిహేడో సీసాలోంచి లోకంలో ఎవరూ ఎరగని బూజు మొలిచిందట. బూజు డాక్టరు మెట్లు రెండేసి చొప్పున దిగుతున్నాడు, ఎక్కుతున్నాడు. నోటీసు బోర్డు మీద పెద్ద ఫోటో వెలిసింది. అందరితోపాటు లేబుల్ మేడమ్ కూడా కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఉల్లిపొర రంగు, గుండ్రంగా, అంచున సన్నటి ఆకుపచ్చ గీత. రోజూ స్నానం చేస్తూ చూసిన మొహాన్ని గుర్తుపట్టడానికి ఆవిడకు అర నిమిషం పట్టలేదు. దాని కింద చీటీ మీద తన చేతిరాత.

ఆ రోజే డాక్టర్ని మెట్ల దగ్గర ఆపి, ఇలాంటిదే మా ఇంట్లో ఉండేది డాక్టర్ గారూ అని చెప్పింది. అతను విసుక్కోలేదు. చూడ్డానికి బూజులన్నీ ఒక్కలాగే ఉంటాయని నవ్వి, ఆవిడ గదిలోకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, కాగితం మీద ఒక చెట్టు గీశాడు. ఇవి కొమ్మలు, ఇవి రెమ్మలు, ఒక్కో రెమ్మకూ ఒక్కో కుటుంబం. చివరికి దూరంగా, ఒంటిగా ఒక గీత గీశాడు.

"ఇది ఇక్కడుంది మేడమ్. దీనికి అక్కచెల్లెళ్ళు లేరు. దగ్గరి చుట్టం అనదగ్గది ఒక్కటీ లేదు. అంత ఒంటరిగా ఎలా బతికిందో మాకే అంతుపట్టడం లేదు."

ఇరవై నిమిషాలు చెప్పాడు. ఆ గదిలో ఎవరైనా అంతసేపు కూర్చోవడం అదే మొదలు. ఆవిడ మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకుంది. నిజం చెబితే లేచి వెళ్ళిపోతాడు. రేపు చెబుదాంలే అనుకుంది.

రేపటికి విషయం డైరెక్టరు గారి దాకా వెళ్ళింది. పది వేల ఏళ్ళ చీకటి, నిశ్శబ్దం, ఏకాంతం కలిస్తే తప్ప ఇలాంటి ప్రాణి పుట్టదని ఆయన తేల్చేశారు. లేబుల్ మేడమ్ ధైర్యం కూడదీసుకుని ఆయన గదికి వెళ్ళి, అది మా ఇంటిది సార్ అంది. డైరెక్టరు గారు కాసేపు ఆవిణ్ణే చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మర్నాడు సిబ్బంది అందరినీ పిలిచి, మెట్ల కింద కూర్చుని చీటీలు రాసే మనిషి ఈ పరిశోధనని తన ఇంటిదిగా భావిస్తోందని, ఆ భావన పెద్ద చదువులు చదివిన వాళ్ళకే లేకపోయిందని అరగంట మాట్లాడారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ తల దించుకుంది. దాన్ని వినయం కింద జమకట్టారు.

ఇక నోటితో లాభం లేదని, ఉన్నదున్నట్టు ఒక ఉత్తరం రాసి డైరెక్టరు గారి ట్రేలో పెట్టింది. ఆఫీసు గుమాస్తా దాని మీద ఆవిడ చేతిరాతా, పదిహేడు అంకే చూశాడు. ఇది కూడా నమూనాకు సంబంధించిన చీటీయే అనుకుని, మడిచి సంచిలో పెట్టి, చలిగదికి పంపేశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ మైనస్ ఎనభై డిగ్రీల దగ్గర ఒక్క అక్షరం చెరగకుండా భద్రంగా ఉంది.

ఈలోగా ల్యాబులో బూజుకి సుస్తీ చేసింది. గుహలో పుట్టినదాన్ని గుహ తిండి మీదే పెంచాలని రాతిపొడి వేశారు. అది ముట్టలేదు. ఇంకా మెత్తగా నూరి వేశారు. నాలుగు వారాల్లో గాజు పళ్ళాలన్నీ ఖాళీ అయిపోయాయి. అప్పుడు గుహ మీద పడ్డారు. ఎనిమిది రోజులు గబ్బిలాల మధ్య పాకి, రెండు వందల సీసాలు నింపుకొచ్చారు. బూజు డాక్టరు కాలు మడతపడి కర్రతో తిరిగొచ్చాడు. రెండు వందల చీటీలూ లేబుల్ మేడమే రాసింది. ఒక్కో చీటీకీ గుండెలో ఒక్కో ముల్లు దిగినట్టుండేది. దేనిలోనూ ఏమీ మొలవలేదు.

గుహ చివర నీళ్ళతో నిండిన ఇరుకు సొరంగం ఒకటుందని, దానవతల గదిలో తప్పక దొరుకుతుందని డైరెక్టరు గారు సమావేశంలో చెప్పారు. ఈతగాళ్ళతోపాటు ఎవరైనా ఒక శాస్త్రవేత్త లోపలికి వెళ్ళాలన్నారు. కర్ర ఊతంగా లేచి నిలబడింది బూజు డాక్టరు. నాకెవరూ లేరు సార్, నేను వెళ్తానన్నాడు. అదేదో అర్హతన్నట్టు చాలా మామూలుగా అన్నాడు. ఖాళీ చీటీల కట్ట ఇవ్వడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ లేబుల్ మేడమ్‌కి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"పదిహేడో నంబరు గుహలోది కాదు," అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మా బాత్రూమ్‌లోది. సబ్బు గూటి వెనకది. పొరపాటు నాది. ఆయన్ని ఆ నీళ్ళలోకి పంపకండి."

డైరెక్టరు గారు అప్పటికీ ఇది భావనేమో అన్న ఆశతో చూశారు. ల్యాబ్ అసిస్టెంటు మాత్రం, ట్రే పక్కనున్న సీసాని గుంటలో పెట్టింది నేనే అంటూ కుర్చీలో కూలబడ్డాడు. దాంతో అందరికీ అర్థమైంది.

గంటలో తెల్లటి సూట్లు తొడుక్కున్న ఆరుగురు ఆవిడ ఇంట్లో దిగారు. ఎదురింటివాళ్ళు లోపల ఎవరో పోయారనుకున్నారు. తొమ్మిదేళ్ళుగా పక్కింట్లో ఉంటూ పలకరించని ఆవిడ వచ్చి, ఎంత మంచి మనిషమ్మా అని గుమ్మంలో కళ్ళు తుడుచుకుంది. పోయినావిడ మీకు బాగా తెలుసా అని అడిగింది లేబుల్ మేడమ్‌నే. లోపల ఆరుగురికీ మంచినీళ్ళు ఇద్దామంటే గ్లాసులు రెండే ఉన్నాయి. వంతులు వేసుకుని తాగారు. గోడ మాత్రం అద్దంలా మెరుస్తోంది. ఒక్క మచ్చ లేదు.

"ఎవరు కడిగారిది?" అని డైరెక్టరు గారు నీరసంగా అడిగారు. ఆవిడ చెయ్యెత్తింది.

ఆ బూజు రాతినీ చీకటినీ తిని బతకలేదనీ, దాని తిండి సబ్బు మరకేననీ బూజు డాక్టరు అక్కడే నేల మీద కూర్చుని తేల్చాడు. కాబట్టి అది మళ్ళీ రావాలంటే ఏదీ మారకూడదు. అదే సబ్బు, అదే మూసిన కిటికీ, రోజుకు ఒక్కరి స్నానం. ఇంట్లో ఉండటానికి రెండో మనిషి వస్తే లెక్క తప్పుతుంది. అలా ఎన్నాళ్ళు ఉండగలరు మేడమ్ అని అతను మొహమాటపడుతూ అడిగాడు. ఉంటానంది. ఆదివారం ఫోన్లో చెబితే అక్క, వెనక మనవడి ఏడుపు మధ్య, "ఇన్నాళ్ళూ చేస్తున్నదే కదే" అంది. వేళాకోళానికే అంది.

ప్రతి మంగళవారం నాలుగింటికి బూజు డాక్టరు భూతద్దం పట్టుకుని రావడం మొదలుపెట్టాడు. గోడ చూడ్డానికి పది నిమిషాలు పట్టేది. తర్వాత టీ తాగేవాడు. అద్దెగదిలో వంట చేసుకుని నిలబడే తినేస్తానని, కుర్చీ ఉన్నా ఎందుకో కూర్చోబుద్ధి కాదని ఒకసారి చెప్పాడు. మరుసటి వారం నుంచి ఆవిడ బల్ల దగ్గర రెండో కుర్చీ వేసి ఉంచింది. అప్పటికి డైరెక్టరు గారి దృష్టి మంచుకొండల నుంచి వచ్చిన మరో నమూనా మీదికి మళ్ళింది. పదిహేడు గురించి అడిగేవాళ్ళు లేరు.

ఎనిమిదో వారం, సోమవారం ఉదయం, గోడ అడుగున ఉల్లిపొర రంగులో పావలా అంత చుక్క కనిపించింది. అంచున ఆకుపచ్చ గీత. లేబుల్ మేడమ్ దాన్ని చూస్తూ తడి కాళ్ళతోనే నిలబడిపోయింది. దొరికిందంటే గీకి పట్టుకుపోతారు, మంగళవారాలు అయిపోతాయి. చుక్క కనబడకుండా నీళ్ళ బకెట్టుని మెల్లిగా గోడవైపు జరిపింది.

మర్నాడు ఆవిడ టీ పెడుతుంటే బాత్రూమ్‌లోంచి బకెట్టు నేల మీద రాసుకున్న చప్పుడు వినిపించింది. ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. చాలాసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత బకెట్టు మళ్ళీ రాసుకుంది, ఈసారి గోడవైపుకి. బూజు డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చి, తన కుర్చీలో కూర్చుని, రిజిస్టరు తెరిచి, "ఏ మార్పూ లేదు. పరిశీలన కొనసాగించాలి" అని రాశాడు. సంతకం చేసి, సాక్షి సంతకం కోసం ఆవిడవైపు తిప్పాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇరవై ఆరేళ్ళలో లేబుల్ మేడమ్ తెలిసి ఒప్పుకున్న తప్పుడు చీటీ అదొక్కటే, దాని కింద సంతకాలు మాత్రం రెండున్నాయి.