బావ ఏసిన నాటు

ఆదివారం పొద్దున్నే బక్కయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. సూరత్ శివారు కోసాడ్‌లోని ఇంటి నుంచి బయలుదేరి, బస్సెక్కి డాంగ్ కొండలకు పోవాలి, కొండవాలున మెట్లు మెట్లుగా ఉండే వరి మడులు చూడాలి, టిఫిన్ డబ్బా ఖాళీ చేసుకుని చీకటి పడేలోపు సూరత్‌కు తిరిగి రావాలి. వెంట భార్య భాగీరథి, ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఆమె తమ్ముడు కమలాకర్.

చిక్కంతా ఆ మూడో మనిషితోనే. భాగీరథి పుట్టింటివాళ్లు తాతల నాడే మగ్గం వదిలి కోరుట్ల దగ్గర వ్యవసాయం పట్టారు. బక్కయ్య మాత్రం సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుకుంటూ సూరత్‌లో స్థిరపడ్డాడు. అత్తారింట అతనికి ఇరవై రెండేళ్లుగా ఒకటే బిరుదు: వరికీ గడ్డికీ తేడా తెలియని అల్లుడు. ఆ మాటకు అందరూ నవ్వుతారు. భాగీరథీ నవ్వుతుంది, అదే అతనికి ముల్లులా గుచ్చుకునేది. ఈ ఒక్కరోజైనా ఆమె నవ్వకుండా చూడాలని అతని పంతం.

"బావా, పచ్చగ కనవడ్డదల్ల వరి అనకు. జర నన్నడుగు," అన్నాడు కమలాకర్ బస్సులోనే.

కొండ మీద మడులు ఒకదాని కింద ఒకటి నీళ్లతో మెరుస్తున్నాయి. బక్కయ్య కన్ను మాత్రం పై మడి గట్టుకున్న జానెడు గండి మీద పడింది. నీళ్లు బొళబొళా కిందికి పోతున్నాయి. ఎనిమిది సాంచాల మధ్య నిలబడి, తెగిన పోగు కనబడగానే ముడి వేసే మనిషి అతను. తెగింది చూస్తే చెయ్యి ఊరుకోదు. ప్యాంటు మడిచి, రాళ్లు పేర్చి, మట్టి మెత్తి, చుక్క జారకుండా పూడ్చేశాడు.

"గండి వడ్డది. వీళ్లు సూసుకోలే," అన్నాడు ఛాతీ విరుచుకుని.

కమలాకర్ నడిచిన గట్లన్నీ చదును నేలవే, అతని నీళ్లు బోరు మోటారువి. కానీ సాంచాలాయనకు కనబడ్డ గండి రైతుకు కనబడలేదంటే పరువేం కావాలి? "గిదేం గండి బావా, కింద ఇంకా పెద్దయున్నయ్," అంటూ దిగి మరో రెండు పూడ్చాడు.

"జర ఆగుండ్రి. ఒడ్డుకొకటి ఉన్నదంటే కావాలనే పెట్టుకున్నరేమో. ఎవలనన్న అడుగుదాం," అంది భాగీరథి. బావాబావమరుదులు పోటీలో పడ్డాక ఆ మాట ఎవరికి వినబడుతుంది?

నిజానికి పై మడి నిండితే కింది మడికి నీళ్లందేది ఆ గండ్లలోంచే. నీళ్లాగగానే అడుగు మడిలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు, పై వాళ్లు కావాలనే కట్టేశారని కేకలు వేస్తూ ఎక్కారు. పై మడి ముసలమ్మ, తన గట్టు కింది వాళ్లే చెడగొట్టారని కేకలు వేస్తూ దిగింది. గుజరాతీ తెలిసిన బక్కయ్యకు తను చేసిన పనేమిటో అప్పుడు అర్థమైంది. ఆ రెండిళ్ల మధ్య కుదిరిన పెళ్లినే వద్దనుకునే దాకా పోయింది తగాదా. అంతలో పై మడి ఇక పట్టలేక గట్టు తెంచుకుంది. నీళ్లు మెట్లన్నీ దిగి, అప్పుడే నాటిన అడుగు మడిలో సగం నారు ఊడ్చుకుపోయాయి.

గొడవ ఠక్కున ఆగింది. అందరూ మోచేతుల దాకా బురద పూసుకున్న ఇద్దరు యాత్రికుల వైపు తిరిగారు.

"మొదలు పూడ్చింది నేనే, అవ్వా. తెగిందనుకున్న," అని గుజరాతీలో ఒప్పుకున్నాడు బక్కయ్య.

ముసలమ్మ తిట్టలేదు. ఇద్దరి చేతుల్లో చెరో నారు కట్ట పెట్టి మడి చూపించింది.

కమలాకర్ ఆ కట్టను తేలును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "మా దిక్కు నాటు ఆడోళ్లేస్తరు. మొగోళ్లం ఒడ్డు మీద నిలవడి సూస్తం."

"నీకు నాటు ఏసుడు రాదారా?" అంది భాగీరథి.

"సూసుడు వస్తదక్కా."

బక్కయ్య మడిలో దిగాడు. మొదటి నాలుగు మొక్కలూ తేలిపోయాయి. పక్కావిడ వేళ్లు చూసి నాటిన ఐదోది నిలబడింది. ఆ తర్వాత అతని చేతికి పని తెలిసిపోయింది. వేల పోగులను ఒక్కటీ తప్పకుండా వరసగా ఎక్కించిన వేళ్లవి. సాళ్లు మగ్గం మీది పడుగు పోగుల్లా తిన్నగా సాగాయి. భాగీరథి కుచ్చిళ్లు దోపుకుని పక్కన దిగింది. పెళ్లికి ముందు ఎన్ని నాట్లో వేసిన మనిషి, అయినా అతన్ని అందుకోలేకపోయింది. పొద్దు వాలకముందే మడి మళ్లీ నిండింది.

ముసలమ్మ సాళ్లను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, ఈయన ఏ ఊరి రైతని అడిగింది.

"రైతు కాదు, సూరత్‌ల సాంచాలు నడుపుతడు. మా ఆయన," అని వచ్చీరాని హిందీలో చెప్పింది భాగీరథి. ఆమె నవ్వలేదు. ఆ రెండు మాటల్లో ఉన్న గర్వానికి బక్కయ్య కళ్లు చెమర్చాయి. ముసలమ్మ అందరికీ రాగి రొట్టెలు పెట్టింది, రాజీపడ్డ రెండిళ్లవాళ్లూ పెళ్లికి రమ్మన్నారు.

తిరుగు బస్సులో అత్తగారి ఫోన్ వచ్చింది. "ఆఁ అమ్మా, మడులు సూసినం. బావతోని దగ్గరుండి నాటు ఏయించిన," అన్నాడు కమలాకర్.

భాగీరథి ఫోన్ లాక్కుంది. "అమ్మా, నాటేసింది నీ అల్లుడు. నీ కొడుకు ఒడ్డు మీద మా చెప్పులకు కావలున్నడు."

సూరత్ వచ్చేదాకా కమలాకర్ పచ్చగా కనబడ్డ దేని పేరూ చెప్పలేదు.