వెళ్లొస్తానని చెప్పని వెండెల్

బ్రయర్‌ఫీల్డ్‌లో ఎవరింటికైనా వెళ్లడం తేలిక. అక్కణ్నుంచి బయటపడటమే గగనం.

ముందు రెండు చేతులతో మోకాళ్లు చరిచి "సరే మరి..." అనాలి. అంటే లేస్తున్నామని కాదు, లేవాలనే ఉద్దేశం ఉందని. అరగంటకి నిజంగానే లేస్తారు. వంటగదిలో నిలబడి ఒక విడత మాట్లాడాలి, గుమ్మంలో ఇంకో విడత. ఎవరికి ఆపరేషన్, ఎవరి అల్లుడికి ఉద్యోగం ఊడింది లాంటి అసలు సంగతులన్నీ కారు పక్కన. ఆఖరి విడత కారెక్కి అద్దం దించాక. ఆ కారు వీధి మలుపు తిరిగేదాకా ఇంటివాళ్లు చెయ్యూపుతూ నిలబడాలి. ఇందులో ఏ ఒక్కటి ఎగ్గొట్టినా ఆ మనిషికి ఒంట్లో బాగాలేదని ఊరు తీర్మానించేస్తుంది.

ఈ ఊళ్లో వెండెల్ క్రాబిల్‌కి రెండేళ్లుగా ఒక్క చోట కాలు నిలవడం లేదు. రిటైరయ్యేదాకా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అతని చేతిమీదుగా వెళ్లిన పెట్టెలు కొండలెక్కాయి, ఎడారులు దాటాయి, ఓడలెక్కి సముద్రాల మీద ఊరేగాయి. అతను మాత్రం బ్రయర్‌ఫీల్డ్ నీళ్ల ట్యాంకు కనబడనంత దూరం వెళ్లింది లేదు. ఆ ట్యాంకుకి కొత్త రంగు వేయడమే ఊళ్లో ఈమధ్య జరిగిన పెద్ద విశేషం. పాతది లేత నీలం. కొత్తదీ లేత నీలమే.

తన పెట్టెలు చూసిన సముద్రాన్ని తను చూడకుండానే పోతానేమోనని అతనికి లోపల నిజంగానే భయంగా ఉండేది. ఆ మాట బయటికి చెప్పడం చేతకాక, కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు.

"వీధి కిటికీ నుంచి పెరటి కిటికీకి, పెరటి కిటికీ నుంచి వీధి కిటికీకి. కార్పెట్ అరిగిపోతోందయ్యా! కాస్త మధ్యలోంచి నడువు, అంచులన్నా మిగుల్తాయి" అనేది భార్య ఆర్డిత్.

"ఈ ఊళ్లో ఏమీ జరగదు ఆర్డిత్."

"జరుగుతుంది. ఎదురింటి డెల్మర్ ఇవాళ గడ్డి ఐమూలగా కోశాడు. వెళ్లి చూసిరా."

ఆర్డిత్ ఈ ఊరు వదిలి కదిలే మనిషి కాదని వెండెల్ గట్టి నమ్మకం. తోటలో తులిప్ దుంపలు నాటింది. కొత్త పరదాలు కుట్టింది. పరదాలు కుట్టుకున్న మనిషి ఎక్కడికి కదుల్తుంది? అందుకని ఆవిణ్ని అడగలేదు. అడక్కుండానే పథకం వేశాడు.

ఊరవతల ఎల్విన్ అనే రైతు తన క్యాంపర్ బండి అమ్ముతున్నాడు. వెనక మంచం, పొయ్యి, చిన్న సింకు, ఇల్లంతా చక్రాల మీదే. వెండెల్ తోటలో నీళ్లు పడుతున్నట్టు నటిస్తూ ఫోన్ చేశాడు.

"మావాడు చేపలకని తీసుకెళ్లాడు, శనివారం మధ్యాహ్నానికి తెస్తాడు. ఇంకొకరు కూడా అడుగుతున్నారు" అన్నాడు ఎల్విన్. "రెండింటికి తాళాలిస్తా, ఎవరితో బేరం ముందు కుదిరితే వాళ్లది."

ఎవడో పోటీకొచ్చాడన్నమాట! పైగా శనివారమే డెల్మర్ కూతురు హైస్కూలు పూర్తిచేసిన సందర్భంగా వాళ్ల గ్యారేజీలో విందు. పన్నెండింటికి వెళ్తే ఆనవాయితీ ప్రకారం బయటపడేసరికి పొద్దుగూకుతుంది. దానికీ ఒక ఉపాయం ఆలోచించాడు. వీడ్కోలు వెళ్లగానే మొదలుపెట్టేస్తే?

శనివారం డెల్మర్ గ్యారేజీ నేల అద్దంలా మెరుస్తోంది. హామ్ శాండ్‌విచ్‌లు, బంగాళాదుంపల సలాడ్, ఆకుపచ్చ జెల్లీలో క్యారెట్ తురుము కలిపిన ఇంకో సలాడ్. వెండెల్ కుర్చీలో కూర్చున్నాడు, టోపీ పక్క కుర్చీలో పెట్టాడు, మోకాళ్లు చరిచాడు.

"సరే మరి..."

గ్యారేజీ గ్యారేజీ అంతా గొల్లుమంది.

"ఏమయ్యోయ్, కుర్చీ ఇంకా వేడెక్కనే లేదు!" అన్నాడు డెల్మర్.

డెల్మర్ భార్య ట్రూడీ మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి వెండెల్ నుదుటి మీద చెయ్యేసి చూసింది. "జ్వరమేం లేదే" అని సలాడ్ ఇంకో గరిటె వడ్డించింది.

"నీకేమైంది?" ఆర్డిత్ పళ్ల బిగువున అడిగింది.

"కాళ్లు పట్టేశాయి."

"కిటికీల మధ్య పరేడ్ చేస్తే పట్టేయవూ? అంత ఇబ్బందిగా ఉంటే మెల్లగా సెలవు తీసుకో. నేను గిన్నెలు కడిగిపెట్టి సాయంత్రానికి వస్తాలే."

దేవుడే ఆర్డిత్ నోట పలికించాడనుకున్నాడు వెండెల్. ఇంకో మూడుసార్లు మోకాళ్లు చరిచాడు. చరిచినప్పుడల్లా పళ్లెంలో ఏదో ఒకటి పడింది. గడియారం ఒకటిన్నర చూపించేసరికి అతనికి తెగింపొచ్చింది. బాత్రూమ్‌కని లేచాడు. బట్టలుతికే గదిలోంచి పెరట్లోకి, పెరట్లోంచి ఐమూలగా కోసిన పచ్చగడ్డి మీదుగా, కంచె మొక్కల సందులోంచి బయటికి చల్లగా జారుకున్నాడు. ప్యాంటు ముక్క కొంచెం కంచెకే మిగిలింది. పరుగున ఇంటికెళ్లి కారు తీశాడు.

ఎవరికీ వెళ్లొస్తానని చెప్పలేదు! బ్రయర్‌ఫీల్డ్ పుట్టాక ఇలాంటి పని చేసినవాడు లేడు. వెండెల్‌కి ఒక పక్క భయం, ఇంకో పక్క స్కూలు ఎగ్గొట్టిన కుర్రాడి సంబరం.

కాసేపటికి గ్యారేజీలో కలకలం మొదలైంది. టోపీ కుర్చీలోనే ఉంది, మనిషి లేడు. బాత్రూమ్ ఖాళీ.

"ఇంటికెళ్లుంటాడేమో" అని ఎవరో అన్నారు.

"వెళ్లొస్తానని చెప్పలేదుగా! చెప్పకుండా ఎలా వెళ్తాడు?" అంది ట్రూడీ.

ఎదురింటి వాకిట్లో చూస్తే వెండెల్ కారూ లేదు. అప్పుడు డెల్మర్‌కి అంతా అర్థమైంది. "రాగానే మోకాళ్లు చరిచాడు, చూశారా? మతి తప్పింది పాపం. వచ్చాడో వెళ్తున్నాడో కూడా తెలియని స్థితి!"

అంతే. పురుషులు కార్ల తాళాలు తీశారు. స్త్రీలు ఓవెన్‌లో వేడివేడిగా కాల్చిన బంగాళాదుంపల వంటకం, క్యాసరోల్, గిన్నెలకు రేకు కాగితం చుట్టారు. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ఈ ఊళ్లో ముందు క్యాసరోల్ చేరుతుంది, తర్వాతే డాక్టరు. అందరూ ఆర్డిత్‌ను చుట్టుముట్టారు.

"మీరుండండి, నేనొక్కదాన్నే వెళ్లి వెతుక్కుంటాను" అంది ఆర్డిత్, గడియారం వంక చూస్తూ.

"ఈ స్థితిలో నిన్ను ఒంటరిగా పంపుతామా!" అని ట్రూడీ ఆవిణ్ని కారెక్కించింది. "ఎటు పోనిద్దాం, చెప్పు."

ఆర్డిత్ ఒక్క క్షణం ఆలోచించింది. "ఊరవతల ఎల్విన్ గారి పొలం రోడ్డు వైపు పోనీ" అంది.

అక్కడ వెండెల్ రెండు కొట్టకముందే ఎల్విన్ వాకిట్లో దిగాడు. క్యాంపర్ నిగనిగలాడుతూ ఎదురుగానే ఉంది. పోటీవాడి జాడ లేదు.

"ఎల్విన్ గారూ, బండి సంగతి..."

"చూద్దాం, చూద్దాం. ముందు లోపలికి రా. మా ఆవిడ పుల్లటి రూబార్బ్ కాడలు పెట్టి తీపి పై కాల్చింది."

"అబ్బే, వద్దండీ."

"ఒక్క ముక్క."

"ఇప్పుడే తిని వచ్చానండీ."

"మరీ సన్న ముక్క."

"సరే, మరీ సన్నదైతే..."

ఇటుకంత ముక్క వచ్చింది. రెండుసార్లు వద్దని మూడోసారి ఒప్పుకోవడం మర్యాద. ఒప్పుకున్నాక తినడం శిక్ష. తింటుండగా వాన సంగతి వచ్చింది. వాన అయ్యాక మొక్కజొన్న. అదయ్యాక ఎల్విన్ మోకాలు.

"ఇంతకీ నువ్వు ఏ క్రాబిల్? మిల్లు రోడ్డు క్రాబిళ్లా, చర్చి వెనక క్రాబిళ్లా?"

"మిల్లు రోడ్డండీ. ఆ బండి..."

"అయితే మీ తాత మా నాన్నకి ఒక ఆంబోతుని అమ్మాడు. అది ఎలాంటి ఆంబోతో తెలుసా?"

వెండెల్‌కి తెలియదు. ఎల్విన్ తెలియజెప్పాడు. ఆంబోతు కథ సగంలో ఉండగా కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ధూళి లేచింది. ఆ ధూళిలోంచి ఒక కారు, దాని వెనక ఇంకోటి, అలా డెల్మర్ గ్యారేజీ మొత్తం కదిలొస్తోంది. వెండెల్ తేలు కుట్టిన దొంగలా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"బతికే ఉన్నాడు!" అని ట్రూడీ క్యాసరోల్ గిన్నెతో సహా వచ్చి వాటేసుకుంది. వేడి గిన్నె అతని పొట్టకి తగిలింది.

"నా గడ్డి మీద ఆ బూట్ల గుర్తులు నీవేనా?" అన్నాడు డెల్మర్.

"నావే."

"మతి తప్పి తొక్కావా, తెలిసే తొక్కావా?"

"తెలిసే."

డెల్మర్ మొహం తిప్పుకున్నాడు. ట్రూడీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "వెళ్లొస్తానని ఒక్క మాట! మేమేం చేశామని వెండెల్, అలా దొంగలా వెళ్లిపోయావు?"

వెండెల్ ఇందాకటి సంబరం అంతా ఎక్కడికి పోయిందో, సిగ్గుతో చచ్చిపోయాడు. ఇక ఆర్డిత్ చేత తినబోయే చివాట్ల కోసం తలొంచుకుని నిలబడ్డాడు.

ఆర్డిత్ అతన్ని దాటుకుంటూ తిన్నగా ఎల్విన్ దగ్గరికి వెళ్లింది.

"రండమ్మా ఆర్డిత్ గారూ, మీకోసమే చూస్తున్నా" అన్నాడు ఎల్విన్.

"కాస్త ఆలస్యమైందండీ, ఏమనుకోకండి" అని ఆర్డిత్ సంచీలోంచి చెక్కు తీసిచ్చింది. ఎల్విన్ ఆవిడ చేతిలో క్యాంపర్ తాళాలు పెట్టాడు.

"ఆ పోటీవాడు... నువ్వా?" అన్నాడు వెండెల్. వెంటనే ఎల్విన్ మీదికి తిరిగాడు. "ఇదెక్కడి న్యాయమండీ! ముందొచ్చింది నేను!"

"వచ్చావయ్యా, కాదన్నానా? కానీ మనమింకా ఆంబోతు దగ్గరే ఉన్నాం. ఈవిడ నిన్ననే వచ్చి, పై తిని, వానల గురించి మాట్లాడి, ఆంబోతు కథ మొత్తం విని, వెళ్లొస్తానని గంటసేపు చెప్పి మరీ వెళ్లింది. ఇవాళ ఇచ్చిపుచ్చుకోవడమే మిగిలింది."

చుట్టూ ఉన్నవాళ్లందరూ తలలూపారు. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు.

"నీకు క్యాంపర్ ఎందుకు ఆర్డిత్?" అన్నాడు వెండెల్ నీరసంగా.

"సముద్రం చూడ్డానికి. నీకెందుకు?"

"నాకూ అందుకే. నువ్వు రానంటావని చెప్పలేదు."

"అడిగావా?"

"తులిప్ దుంపలు నాటావుగా!"

"నాటితే? మొలిచేదాకా పక్కన కాపలా కూర్చోవాలా?"

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"చెబితే పెట్రోలంటావు, టైర్లంటావు, నీ మోకాలంటావు. అందుకే ముందు తెచ్చి వాకిట్లో పెట్టి, ఎక్కుతావా మానతావా అని అడుగుదామనుకున్నా. నువ్వు మానితే మా చెల్లెలు పెట్టె సర్దుకుని సిద్ధంగా ఉంది."

వెండెల్‌కి నిజంగానే బాధ వేసింది. "నేను లేకుండా వెళ్లిపోదామనే?"

"నిన్ను అడిగాకే వెళ్దామనుకున్నా. నువ్వు గిన్నెలు కడిగే పెళ్లాన్ని వదిలేసి కంచె సందులోంచి పారిపోయావు. ఎవరిది ఎక్కువ తప్పు?"

ఆ ప్రశ్నకి జవాబు కోసం ఊరు ఊరంతా అతని వంక చూసింది. అతను తన బూట్ల వంక చూసుకున్నాడు. వాటికింకా డెల్మర్ గడ్డి అంటుకునే ఉంది.

ఆర్డిత్ అక్కడికక్కడే షరతులు పెట్టింది. బండి తనే నడుపుతుంది. బయల్దేరేముందు వెండెల్ అందరికీ పద్ధతిగా, ఏ విడతా ఎగ్గొట్టకుండా వెళ్లొస్తానని చెప్పాలి.

తర్వాతి శనివారం పొద్దున్నే వీధంతా వాళ్ల వాకిట్లో చేరింది. ఆర్డిత్ తన వీడ్కోళ్లన్నీ వారం పొడుగునా ఇల్లిల్లూ తిరిగి చెప్పేసుకుంది. ఇప్పుడు స్టీరింగ్ ముందు బెల్టు పెట్టుకుని కూర్చుంది. వెండెల్ బయట నిలబడి మొదలుపెట్టాడు. ట్రూడీ పెట్టిన క్యాసరోల్ గిన్నె చేతిలో ఉంది. ముందు బలవంతం మీద చెప్పాడు. అరగంటయ్యేసరికి రుచి తగిలింది. గడ్డి గురించి డెల్మర్‌ని క్షమాపణ అడిగాడు. డెల్మర్ కరిగిపోయి, గడ్డి ఎందుకు ఐమూలగా కోయాలో చెప్పడం మొదలుపెట్టాడు. విచిత్రమేమిటంటే, వెండెల్‌కి ఆసక్తిగా ఉంది! రెండేళ్లలో మొదటిసారి అతని కాళ్లు ఒక్క చోట నిలిచాయి.

"వెండెల్!" అంది ఆర్డిత్.

"ఒక్క నిమిషం ఆర్డిత్. బ్లేడు సంగతి చెబుతున్నాడు."

"వెండెల్!"

"వస్తున్నానే. ఏమిటీ తొందర?"

ఆ మాటతో ఆర్డిత్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ ఊళ్లో హారన్ కొట్టడమంటే తిట్టినంత పని. అందుకని కొట్టలేదు. గేరు మార్చి, మర్యాదగా, ఒక్క మాటా చెప్పకుండా వెళ్లిపోయింది.

వెండెల్ వెనక్కి తిరిగేసరికి క్యాంపర్ మూడిళ్లు దాటింది.

"ఆర్డిత్! ఆగు! నేనెక్కలేదే!"

క్యాసరోల్ గిన్నె గుండెకి హత్తుకుని పరుగు తీశాడు. వెనక నుంచి వీధి మొత్తం పద్ధతి ప్రకారం చేతులూపుతోంది. అతన్ని కాపాడింది నాలుగురోడ్ల కూడలి. నాలుగు వైపుల నుంచీ నాలుగు బండ్లు ఒకేసారి వచ్చి ఆగాయి. మీరు పొండంటే మీరు పొండని నలుగురూ చేతులూపుకుంటున్నారు. ఎవరూ కదలడం లేదు. ఆర్డిత్ కూడా బ్రయర్‌ఫీల్డ్ మనిషే, అందరికంటే ముందు ఎలా పోతుంది?

రొప్పుతూ వచ్చి తలుపు తీసుకుని ఎక్కి కూలబడ్డాడు వెండెల్.

"నన్ను... వదిలేసి... చెప్పకుండా..."

"ఎలా ఉంది?" అంది ఆర్డిత్.

వెండెల్ అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, వెనక కనబడుతున్నంతసేపూ ఊపాడు. నీళ్ల ట్యాంకు చిన్నదవుతూ చిన్నదవుతూ చివరికి కనబడకుండా పోయింది.

"ఒళ్లో ఆ గిన్నె ఎవరిది?" అంది ఆర్డిత్.

"ట్రూడీది."

"అయితే తిరిగి ఇచ్చెయ్యాలిగా."

"ఇవ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదు కూడా" అన్నాడు వెండెల్, మూత మీది రేకు కాగితం జాగ్రత్తగా సర్దుతూ.