సిస్టరమ్మకు నాలుగు వందల ప్రాణం

ఆ సోమవారం పొద్దున బాలకృష్ణ పెట్టుకున్న పనుల్లో పెద్ద విశేషమేమీ లేదు. షట్టరు ఎత్తాలి, ఎనిమిది కంప్యూటర్ల మీద దుమ్ము తుడవాలి, బసవయ్య వచ్చేలోగా సిస్టరమ్మకు కాస్త ప్రాణం పెంచాలి. మూడో పని పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాడు. నిజానికి పది నిమిషాల్లోనే అయింది. దాన్ని సరిదిద్దడానికే మూడు వారాలు పట్టింది.

బాన్సువాడ బస్టాండు ఎదురుగా, ఎరువుల దుకాణం పై అంతస్తులో అతని ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. రెండు వేల ఆరు నాటి మాట. పరీక్షల ఫలితాలు చూసుకునేవాళ్ళూ, దరఖాస్తులు టైపు చేయించుకునేవాళ్ళూ వచ్చినా, సెంటర్‌ను నిలబెట్టింది మాత్రం తుపాకుల ఆట. జట్టుకు నలుగురు చొప్పున రెండు జట్లు. ఏ జట్టు మొత్తం ముందుగా నేలకూలితే అది ఓడినట్టు. ఆటలో సిపాయిలూ బాంబులవాళ్ళూ కాక, తెల్లటోపీ పెట్టుకుని మందుల సంచి మోసే నర్సు ఒకతి ఉంది. కుర్రాళ్ళు ఆమెకు సిస్టరమ్మ అని పేరు పెట్టారు. గాయపడ్డవాళ్ళకు కట్టు కట్టడం ఆమె పని; నడుముకు చిన్న పిస్తోలున్నా వాడి తీరాలని లేదు. మిగతావాళ్ళకు వంద ప్రాణం ఉంటే ఆమెకు నలభై. గట్టిగా చూస్తే పడిపోయేది. పడితే, తన జట్టువాడు ఒకడు వచ్చి పక్కన అయిదు సెకన్లు నిలబడితే గాని లేచేది కాదు. ఆ పాత్రను ఎవరూ ముట్టేవారు కాదు, బసవయ్య తప్ప.

బసవయ్య అరవై ఏళ్ళ రైతు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద పొలం కొనుక్కుని, అలా వచ్చినవాళ్ళంతా ఉండే క్యాంపులో స్థిరపడ్డాడు. ఓ రోజు కాలువ నీళ్ళ దరఖాస్తు టైపు చేయించుకోవడానికి సెంటర్‌కు వచ్చాడు. పోయిన కరెంటు తిరిగి వచ్చేసరికి ఆయన బస్సు వెళ్ళిపోయింది. అదే సమయానికి డిగ్రీ చదివే ఊరి కుర్రాడు బిట్టు జట్టులో ఒక మనిషి తక్కువయ్యాడు.

"ఊకె కూసుండే బదులు ఇట్ల రా కాకా," అని బిట్టు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నేనెవర్నీ కాల్చనయ్యా," అన్నాడు బసవయ్య.

కాల్చకుండా ఆడదగ్గ పాత్ర ఒకటే ఉంది. అప్పట్నుంచి సోమ, గురువారాల్లో బసవయ్యకు బాన్సువాడలో ఏదో ఒక దరఖాస్తు పని పడుతూనే ఉంది. వచ్చినప్పుడల్లా ఇరవైసార్లయినా పడేవాడు. పడ్డప్పుడల్లా బిట్టూ వాళ్ళూ "మళ్ల పడ్డవా కాకా, నీ పాడుగాను" అని తిట్టుకుంటూ పరుగెత్తుకొచ్చి లేపేవాళ్ళు.

బాలకృష్ణకు ఆయనంటే ఇష్టం. సెంటర్‌కు వచ్చేవాళ్ళలో "నువ్వు తిన్నావా అబ్బాయ్" అని అడిగే మనిషి ఆయనొక్కడే. అంత పెద్దమనిషి పిల్లల ముందు ఇన్నిసార్లు పడుతుంటే, ఏదో ఒకనాడు సిగ్గుపడి రావడం మానేస్తాడని బాలకృష్ణకు భయం పట్టుకుంది. ఆ భయంతోనే ఆటలోని అంకెలుండే ఫైలు తెరిచాడు.

సెంటర్లో టైపు చేసే ప్రియదర్శినికి కంప్యూటర్ చదువు ఉంది. "నలభైని యాభై చెయ్యన్నా. రెండు రోజులు చూసి, చాలకుంటే ఇంకో అయిదు పెంచుదాం," అంది.

బాలకృష్ణ రైతుల ఇంట్లో పుట్టినవాడు. పైరు పచ్చబడకపోతే ఇంకో బస్తా యూరియా చల్లడమే అతనికి తెలిసిన వైద్యం. "యాభై ఏందమ్మా, ఇచ్చేకాడ చెయ్యి గుంజుకోవద్దు," అని నాలుగు వందలు కొట్టాడు.

పదకొండింటికి ఆట మొదలైంది. అవతలి జట్టు నాయకుడు రాజాబాబు, తనూ క్యాంపు కుర్రాడే, అలవాటుగా ముందు సిస్టరమ్మను కాల్చాడు. ఆమె నిలబడే ఉంది. అతని జట్టంతా కలిసి కాల్చినా నిలబడే ఉంది. బసవయ్య మౌసును ఎత్తి అడుగు భాగం చూసి, దించి, కౌంటరు వైపు తిరిగాడు.

"బాలకృష్ణా, ఇదేదో చెడిపోయినట్టుందయ్యా. నేను చావట్లేదు."

"ఆడు కాకా. ఇయ్యాల నీ టైం మంచిగున్నది," అన్నాడు బాలకృష్ణ, లోలోపల మురిసిపోతూ.

ఆ మురిపెం పావుగంట నిలిచింది. రెండో ఆటకు ఎనిమిది మందీ సిస్టరమ్మలే అయ్యారు. ఎనిమిది తెల్లటోపీలు ఒకదాన్నొకటి కాల్చుకుంటూ, మళ్ళీ కట్లు కట్టుకుంటూ తిరుగుతున్నాయి. ఎవరూ చావరు కాబట్టి ఆట అయిపోదు. ఆట అయిపోకుండా కుర్చీలోంచి లేవడం కుర్రాళ్ళ మర్యాదకు లోటు. ఒంటి గంట దాటింది. ఆరోజే డిగ్రీ హాల్‌టికెట్లు ఇంటర్నెట్‌లో పెట్టారు. వాటి కోసం వచ్చినవాళ్ళు గదిలో చోటు లేక మెట్ల మీద నిలబడ్డారు. మెట్లు నిండి, వరుస కింద ఎరువుల దుకాణం ముందుకు పాకింది.

నాట్ల కాలం అది. ఊళ్ళో పది రోజులుగా యూరియా లేదు. ఎరువుల దుకాణం ముందు వరుస కనబడితే కారణం అడిగే రైతు ఎవరుంటారు? బస్సు దిగినవాడల్లా వచ్చి వెనక నిలబడ్డాడు. ఎండకు తాళలేనివాళ్ళు చెప్పులు వరుసలో పెట్టి, తాము వెళ్ళి నీడన కూర్చున్నారు. రెండింటికల్లా చెప్పుల వరుస బస్టాండు గేటును తాకింది. దుకాణం యజమాని హీరాలాల్ పైకొచ్చి రొప్పుతూ నిలబడ్డాడు. ఆ భవనమూ ఆయనదే.

"నా దుకాణంల ఒక్క బస్తా లేదు. లేదంటే దాచిపెట్టిన అంటుండ్రు. గోదాం తాళం పలగ్గొడ్తమంటుండ్రు. గీ లైన్ నీది. నువ్వే తీస్తవా, రూం ఖాళీ చేస్తవా?"

బాలకృష్ణ వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశాడు. ఎనిమిది తెరలూ ఆరిపోయాయి. చీకట్లోనే తగువు మొదలైంది.

"మా క్యాంపు పెద్దాయన్ని మీ జట్టులో పెట్టుకున్నారు కాబట్టే, మీ బాలకృష్ణన్న ఆయనకి బలం పెంచాడు," అన్నాడు రాజాబాబు.

"కాకా క్యాంపాయన గావట్టే పెంచిండు. మమ్మల్ని ఎప్పుడన్న పట్టించుకున్నడా?" అన్నాడు బిట్టు.

ఇద్దరికీ ఒకేసారి అన్యాయం చేసిన ఘనత బాలకృష్ణకు దక్కింది. వాళ్ళను చల్లార్చడానికి మర్నాడు సిపాయికి వెయ్యి ప్రాణం ఇచ్చాడు. బాంబులవాడు అలిగితే అతనికి రెండు వేలు, సిస్టరమ్మ వెనకబడకుండా ఆమెకు మూడు వేలు. ఆటలు మళ్ళీ సాగదీసుకుపోతుంటే తూటాల బలం ఇరవై రెట్లు చేశాడు. దాంతో కుర్చీ ముందుకు జరుపుకునేలోగా ఆట అయిపోవడం మొదలైంది. తూటాలు తగ్గించి పరుగు పెంచితే, మనుషులు గోడల్లోకి దూరి బయటికి రాలేకపోయారు. రెండు వారాలు గడిచేసరికి ప్రియదర్శిని ఆ ఫైలు చూసి, "అన్నా, ఇది ఆటనా, టెలిఫోన్ డైరెక్టరీనా?" అని అడిగింది.

ఈ గోలలో బసవయ్యను ఎవరూ పట్టించుకోలేదు. "నువ్వు జల్ది చావవు గద కాకా, ముందుగాల నువ్వే పో," అని బిట్టు ఆయన్ని ముందుకు తోసేవాడు. సిస్టరమ్మ శత్రువుల వాకిట్లోకి వెళ్ళి ఒక్కతే నిలబడేది. పడదు కాబట్టి లేపడానికి ఎవరూ రారు. చుట్టుపక్కల కట్టు కట్టడానికి గాయపడ్డవాడూ ఉండడు. మూడో సోమవారం బసవయ్య బస్సుకు ఇంకా గంట ఉండగానే లేచి వెళ్ళిపోయాడు. గురువారం రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు.

మంగళవారం బాలకృష్ణ మోటారుసైకిలు మీద క్యాంపుకు వెళ్ళాడు. బసవయ్య పార పట్టుకుని కాలువ గట్టు మీద ఉన్నాడు.

"ఎందుకు వస్తలేవు కాకా? నీ కోసమే గద నేను బలం పెంచింది."

"గెలవడానికి వచ్చాననుకున్నావా అబ్బాయ్?" బసవయ్య పార కింద పెట్టాడు. "ఇక్కడ నేను నీళ్ళ కమిటీ పెద్దని. నన్ను చూస్తే లేచి నిలబడతారు. పక్కన మాత్రం ఒక్కడూ కూర్చోడు. అక్కడ నేను పడితే ముగ్గురు కుర్రాళ్ళు తిట్టుకుంటూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు. నా కోసం ఎవరైనా అలా పరిగెత్తి ఎన్నేళ్ళయిందో. నువ్వు నన్ను పడకుండా చేసేశావు."

బాలకృష్ణకు తన చేతుల్ని తనే నరుక్కోవాలనిపించింది. అంకెలన్నీ పాతవే పెట్టేస్తాననీ, గురువారం తప్పకుండా రమ్మనీ బతిమాలాడు. బసవయ్య పార అందుకుంటూ సరేనన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పాత అంకెలు ఎక్కించాడు, సిస్టరమ్మ మళ్ళీ నలభైకి దిగింది. అయినా బాలకృష్ణకు మనసు కుదుటపడలేదు. గురువారం పొద్దున రెండు జట్లనూ కౌంటరు దగ్గర నిలబెట్టి, "ఇయ్యాల కాకా వస్తుండు. మనసు మంచిగ లేదాయనకు. పడితే అందరు ఉరకాలె, సమజైందా?" అని మరీ మరీ చెప్పాడు.

బసవయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆట మొదలైంది. సిస్టరమ్మ వీధి మధ్యలోకి వచ్చి నిలబడింది. ఎవరూ కాల్చలేదు. ఆమె ఇటు నడిచింది, అటు నడిచింది. చివరికి రాజాబాబు చెయ్యి జారి ఒక బాంబు పేలింది. ఆమె కూలిపోయింది.

వెంటనే ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనక రాజాబాబు జట్టులోని నలుగురూ తుపాకులు దించుకుని వచ్చారు. ఏడుగురూ పడిపోయిన సిస్టరమ్మ చుట్టూ వినయంగా నిలబడ్డారు.

"అయిదు సెకన్లయింది, లే కాకా," అన్నాడు బిట్టు మెత్తగా.

బసవయ్య కంప్యూటర్ల మధ్య ఉన్న చెక్క అడ్డం మీంచి ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. ఒక్కరూ తిట్టలేదు. ఆయన చూపు కౌంటరు దాకా వచ్చి ఆగింది.

"ఏం చెప్పావయ్యా వీళ్ళకి?"

"ఏం చెప్పలే కాకా," అన్నాడు బాలకృష్ణ.

బసవయ్య తల ఊపాడు. "మంచి పిల్లలు. ఆడుకోండయ్యా," అని లేచి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన దరఖాస్తులు వేరేవాళ్ళ చేతుల్లో వచ్చేవి.

ఆ సాయంత్రం బాలకృష్ణ ఆటలోని అంకెల ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టమని ప్రియదర్శినికి చెప్పి, అదేమిటో తనకు మాత్రం చెప్పొద్దన్నాడు.