వెనిలా పూవుకు పంటి వైద్యం

ఆ ఉదయం వాచీల బాబాయి దుకాణం తెరవనన్నాడు. తెరవడు మరి! ఏళ్ల తరబడి బాల్కనీలో బిడ్డలా పెంచిన వెనిలా తీగకు తొలి పూవు విచ్చింది. మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది. దాని పని చూసే తేనెటీగ ఈ ఊళ్ళో లేదు. పూవు లోపలి పొరను మనమే పుల్లతో ఎత్తి పుప్పొడి అద్దాలి. లేకపోతే కాయ ఆశ వదులుకోవాల్సిందే.

"ఆవగింజంత మరలు బిగించే చెయ్యి నాది. పూవొక లెక్కా?" అన్నాడు పిన్నితో.

"సరే, కుర్చీ వేసుకుని ఆ పని కానివ్వండి," అంది పిన్ని.

అక్కడే వచ్చింది తంటా. బాబాయి జన్మలో పని దగ్గరికి వెళ్ళి ఎరగడు. పనే ఆయన బల్ల మీదికి రావాలి. కంటికి భూతద్దం తగిలించుకుని, టూత్‌పిక్ పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, పూవును బాల్కనీలో వేసుకున్న బల్ల దాకా దించుదామని తీగ కట్లు ఒక్కొక్కటే విప్పాడు. ఆఖరి కట్టు ఊడగానే తీగ రెయిలింగ్ మీదుగా జారి, కింది అంతస్తులోని పంటి డాక్టరు కిటికీ ముందు వేలాడింది.

కుండీ నీళ్ళు క్లినిక్ బోర్డు మీద పడుతున్నాయని ఆ డాక్టరుతో ఎప్పటినుంచో మాటల్లేవు. "ఒక్క ఆకు నా కిటికీ ముందుకొచ్చినా కత్తిరించి పారేస్తా," అని ఆయన చెప్పేశాడు కూడా.

బాబాయి పరుగున కిందికి దిగాడు. కంగారులో నోట్లో పుల్ల తీయాలన్న ధ్యాసే లేదు. "ఊ, ఊ," అంటూ చేతులు ఊపుతున్న మనిషిని చూసి క్లినిక్‌లో నర్సమ్మ హడలిపోయింది.

"పుల్ల ఇరుక్కుపోయింది పాపం," అంటూ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టేసింది.

డాక్టరు పాత పగ పక్కనపెట్టి పుల్ల లాగేశాడు. బాబాయి మాట్లాడబోయేలోగా నోట్లో అద్దం దూర్చాడు. "కదలకండి. ముక్కేదైనా మిగిలిందేమో చూడనివ్వండి."

గోడ గడియారం పన్నెండుకు దగ్గరపడుతోంది. బాబాయికి కళ్ళవెంట నీళ్ళొచ్చేశాయి.

"నొప్పి గట్టిగానే ఉన్నట్టుంది," అంటూ డాక్టరు మత్తు సూది అందుకున్నాడు.

అప్పుడొచ్చింది పిన్ని, రొప్పుతూ. "అన్నయ్యగారూ, ఆయన పళ్ళకేం రోగం లేదు. మీ కిటికీ దగ్గర పూవుంది చూశారా, దాని ప్రాణమే పోతోంది," అని సంగతంతా చెప్పింది.

డాక్టరు కిటికీ తెరిచాడు. ఇక కత్తెర తీస్తాడని బాబాయి కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు మాత్రం కుర్చీ దీపం పూవు మీదికి తిప్పి, సన్నటి పరికరంతో పొర ఎత్తి, పుప్పొడిని వేలితో నొక్కాడు.

"అయిపోయింది. నా సర్వీసులో ఏడవకుండా నోరు తెరిచిన పేషెంటు ఇదొక్కటే," అన్నాడు.

కాయ పట్టింది. కదిపితే రాలిపోతుందని డాక్టరు తీగను తన కిటికీకే కట్టుకున్నాడు. కాయ తయారవడానికి తొమ్మిది నెలలు పడుతుంది. అంతవరకు దాన్ని చూడాలంటే వేరే దారి లేక, వాచీల బాబాయి వారానికో పన్ను చూపించుకుంటున్నాడు.