ఎవరూ లేనివాళ్ళకే లైసెన్సు

మహారాణిగారి రాజ్యంలో ఇకమీదట ఒక్క పరదేశి కూడా లైసెన్సు లేకుండా ఊపిరి పీల్చడానికి వీల్లేదని మా తాలూకాలో దండోరా వేశారు. ఉన్నవాళ్ళు నెలాఖరులోగా రెన్యువల్ చేయించుకోవాలి, లేనివాళ్ళు కొత్తది పుచ్చుకోవాలి, రెండూ చెయ్యనివాళ్ళని పొలిమేర దాటిస్తారు. వేరే రాజ్యాల ప్రజల గురించి కలెక్టరు దొరగారు పంపిన ఇంగ్లీషు ఆర్డరుని తెలుగు చేసింది మా తాసీల్దారు సత్తిరాజు గారే. నిఘంటువు ముట్టుకోలేదు. అది తెలివి చాలనివాళ్ళకని ఆయన అభిప్రాయం. కచేరీ అరుగు మీద అర్జీలు రాసుకు బతికే నేను ఆయన ప్రజ్ఞకి ప్రత్యక్ష సాక్షిని గనక, పత్రిక చదివేవారికి నాలుగు ముక్కలు మనవి చేసుకుంటున్నాను.

సోమవారం పొద్దుటికి కచేరీ ముందు ఒకటే జనం. బైరాగులు, కళ్ళు లేని పాటగాళ్ళు, సత్రంలో తిని సత్రంలో పడుకునే ముసలివాళ్ళు. మా వైపు పరదేశి అంటే దిక్కూ మొక్కూ లేనివాడనే గదా. మిగతా తాలూకాలన్నీ గాలించినా ముగ్గురే దొరికారట. సత్తిరాజు గారు బుధవారానికల్లా మూడువందల పన్నెండు మంది పరదేశుల్ని పట్టుకున్నారు. దొరగారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు.

గురువారం సత్తియ్య వచ్చాడు. యానాంలో పుట్టి చేపలు పట్టుకునేవాడు, అంటే ఫ్రెంచి దొరల ప్రజ. అయిదేళ్ళ కిందట గోదావరి పాయ దాటి, ఇవతలొడ్డున మా ఊళ్ళో సుబ్బాయమ్మ ఇంటికి ఇల్లరికం వచ్చాడు. తాలూకా మొత్తం మీద దొరగారి ఆర్డరు వర్తించేది నిజానికి ఇతనొక్కడికే. అప్పుడు పుచ్చుకున్న లైసెన్సు గడువు ఈ నెలాఖరుకి తీరిపోతుంది. రెన్యువల్ కాకపోతే పెళ్ళాం ఇవతల, తను అవతల.

"నీకెవరున్నారు?" అన్నారు తాసీల్దారు గారు.

"అత్తగారూ, పెళ్ళామూ ఉన్నారండి."

"ఇద్దర్ని పెట్టుకుని పరదేశినంటావేంటయ్యా?"

"పుట్టింది యానాం అండి. అదిగోనండి, అవతలొడ్డున ఎవరైనా చీర ఆరేస్తే రంగు కూడా చెప్తానండి."

"రంగు కనబడేది పరదేశమా?"

"పోనీ, ఈ ఊరివాణ్ణని రాసెయ్యండి."

"ఎలా రాస్తాను? పుట్టింది యానాం అంటివి."

"మరి నేనేంటండి?"

సత్తిరాజు గారు తాంబూలం నమిలేంత సేపు ఆలోచించారు. "పెండింగు," అన్నారు.

అంతటి మాట ఆయనకి తప్ప ఎవరికి తడుతుంది. దొరగారికి కూడా లైసెన్సు కావాలాండీ అని నేను వినయంగా అడిగాను.

"దొరగారికి మనమంతా లేమూ? ఆయన పరదేశి ఎలా అవుతారు?" అన్నారు. ఆ భక్తికి నాకు కళ్ళు చెమర్చాయి.

చివరికి ఆయనే దారి చూపించారు. ఇతను మాకేమీ కాడని అత్తా, పెళ్ళామూ కాగితం రాసిస్తే సత్తియ్య పరదేశి అయిపోతాడు, లైసెన్సు వచ్చేస్తుంది, అవతలికి పోనక్కర్లేదు.

సుబ్బాయమ్మకి రెండోసారి చెప్పే పని లేకపోయింది. "పెళ్ళైన కాణ్ణించీ నేననేది అదే గదండి," అని రెండు బొటనవేళ్ళూ వేసింది.

ఆమె కూతురు తలుపులమ్మ దగ్గర చిక్కొచ్చింది. ఎవరు నీకేమీ కాడని అడిగితే, "ఆయనండి," అంది.

"ఆయనంటే?"

"ఆయనేనండి."

"పేరు చెప్పడం లేదంటే మొగుడన్నమాట. ఈ వాంగ్మూలం చెల్లదు," అన్నారు సత్తిరాజు గారు. ఇంతటి సూక్ష్మం హైకోర్టు జడ్జీలకి కూడా అందదు.

తలుపులమ్మ తలొంచుకుని, "సత్తియ్య నాకేమీ కాడండి," అంది. మొగుడి పేరు నోటితో పలకడం ఆమెకి అదే మొదలు. ఆ కాగితం రాసింది నేనే. నాకు సిగ్గేసింది.

లైసెన్సు చేతికిచ్చే ముందు తాసీల్దారు గారు కింది వరస నింపారు. నివాసం: సత్రం.

"నాకు ఇల్లుందండి," అన్నాడు సత్తియ్య.

"ఎవరిల్లు?"

అతను ఆడవాళ్ళిద్దరి వైపూ చూశాడు. "తెలిసినోళ్ళదండి."

"ఏమీ కాని ఆడవాళ్ళింట్లో మగాడు ఎలా ఉంటాడయ్యా? సర్కారుకి పరువు లేదూ?"

సత్తియ్య వల భుజాన వేసుకుని సత్రానికి పోయి, బైరాగుల పక్కన చాప పరుచుకున్నాడు.

శుక్రవారం కచేరీ తలుపు తీసేసరికి తలుపులమ్మ చంకలో మూటతో నిలబడి ఉంది.

"నీకేం కావాలి?" అన్నారు సత్తిరాజు గారు.

"పరదేశి లైసెన్సండి. నాకెవరూ లేరు. నిన్న మీ ఎదుటే రాసిచ్చాను గదండి."

రికార్డు తీసి చూస్తే నిజమే. మూడువందల పద్నాలుగో నంబరు పడబోతోందన్న సంతోషంలో ఆయన కలం సిరాలో ముంచి, అంతలో ఆగారు. "మీ అమ్మ ఉందిగా?"

వెనక నుంచి సుబ్బాయమ్మ వంటగిన్నెల గంప దించుకుంటూ ముందుకొచ్చింది.

"అది నాకేమీ కాదండి. ముందు దానిది రాసెయ్యండి, తరవాత నాది రాద్దురుగాని."