కోల్డ్ రూముకు రిబ్బను

సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద ఒక చారిత్రక ప్రకటన వెలిసింది. "మన మాలిక్యులర్ బయాలజీ శాఖలోని కోల్డ్ రూమును గౌరవనీయులైన మంత్రివర్యులు వచ్చే శుక్రవారం తమ అమృత హస్తాలతో ప్రారంభిస్తారు. అంతవరకు సదరు గది లేనట్టే భావించవలెను." కింద డైరెక్టర్ డాక్టర్ ఆదిమూలం గారి సంతకం, దాని పక్కన ఆయన డిగ్రీలన్నీ.

నిజానికి ఆ గది నాలుగేళ్లుగా పనిచేస్తూనే ఉంది. బయట మద్రాసంతా ఎండకు ఉడికిపోతుంటే, రీసెర్చ్ విద్యార్థులు నాలుగు డిగ్రీల చలిలో స్వెట్టర్లు తొడుక్కుని పరిశోధన చేస్తున్నారు. కట్టిన కొత్తలో ఎవరో తొందరపడి స్విచ్ వేసేశారు గానీ, ప్రారంభోత్సవం సంగతి మరిచిపోయారు. ఇంతమంది శాస్త్రజ్ఞులు రోజూ ఆ తలుపు తీస్తూ మూస్తూ కూడా గమనించని ఈ లోపాన్ని ఆదిమూలం గారు ఒక్కరే పసిగట్టారు. డైరెక్టర్ పదవి ఊరికే రాదు.

నోటీసు చదివి అందరికంటే ఎక్కువ కంగారుపడింది రీసెర్చ్ విద్యార్థిని కోకిల. కోకిలది పురసవాక్కం. తండ్రి వరదరాజులుకు పూలబజారులో టోకు పూల మండీ ఉంది. ఇంటినిండా మల్లెలూ రోజాలూ పెట్టుకుని, ఈ పిల్ల మాత్రం మూడేళ్లుగా వ్యాసర్పాడి కసాయి కొట్టు నుంచి గొర్రె లివరు తెచ్చి, రుబ్బి, వడగట్టి, అందులోంచి ఒక ఎంజైమును వేరుచేస్తోంది. డి.ఎన్.ఏ. పోగు తెగితే దాన్ని మళ్లీ అతికించే ఎంజైమది. చలిలో పెడితే బతుకుతుంది, బయట పెడితే సాయంత్రానికి చస్తుంది. మూడేళ్ల చాకిరీ అంతా కలిపితే నాలుగైదు గాజు గొట్టాలయింది. ఇంకొక్క కొలత తీస్తే థీసిస్ పూర్తవుతుంది. నెలాఖరుకు ఫెలోషిప్ ఆగిపోతుంది. ఆ గొట్టాలు ఆ లేని గదిలోనే ఉన్నాయి.

పరిగెత్తుకెళ్లి చూసింది. తలుపుకు అడ్డంగా, టి. నగర్‌లో ప్రత్యేకంగా కొన్న ఎర్ర పట్టు రిబ్బను. రెండు కొసలకూ లక్క ముద్రలు. కోల్డ్ రూము తలుపు బయటికి తెరుచుకునేది గనక రిబ్బను తెంపితే తప్ప రాదు.

"సార్, నా ఎంజైము లోపలుంది" అంది డైరెక్టర్ గదిలోకి వెళ్లి.

"దేని లోపల?" అన్నారు ఆదిమూలం గారు.

"కోల్డ్ రూములో సార్."

"లేని రూములో ఎట్లుంటుందమ్మా? నోటీసు చూడలేదా?"

"ఒక్క నిమిషం రిబ్బను విప్పి, మళ్లీ నేనే కట్టేస్తాను సార్."

ఆదిమూలం గారు కళ్లజోడు తీసి, జాలిగా చూశారు. "రిబ్బను విప్పితే ఏమవుతుంది? రూము ప్రారంభమైపోతుంది. ప్రారంభించేదానికి నువ్వేమన్నా మంత్రివా?"

"కాదు సార్."

"మరి? బీ సైంటిఫిక్, కోకిలా."

మర్నాడు ప్రభుత్వ ఇంజనీరు కోదండరాం వచ్చి, తలుపు పక్కన గోడకు చలవరాయి బిగించి, దాని నడుమ గారె అంత ఎర్ర బటన్ అమర్చాడు. రిబ్బను కత్తిరించాక మంత్రిగారు దాన్ని నొక్కితే యంత్రం కదలాలి. "సింగపూరు సరుకు. ఒక మారు నొక్కితే ఆడుతుంది, ఇంకో మారు నొక్కితే నిలిచిపోతుంది" అని కోకిలకు గర్వంగా చూపించాడు. "ఇప్పుడు మెషిన్ ఆపేస్తా. అప్పుడు గదా ఆయన నొక్కితే స్టార్ట్ అయ్యేది."

కోకిలకు కళ్లనీళ్లొచ్చాయి. "ఆపొద్దు సార్, మీకు దణ్ణం పెడతాను. చల్లదనం పోతే లోపలున్న నా ఎంజైము చచ్చిపోతుంది."

"చచ్చిపోతుందా? ప్రాణమున్నదా అది?"

"ఉన్నట్టే సార్."

కోదండరాం మనసు వెన్న. ఇంట్లో రెండు చిలకల్ని పెంచుతున్నాడు. "అయ్యో పావం! సెరి, ఆపనులేమ్మా. ఆడతానే ఉండనీ. ఆయనొచ్చి నొక్కిపోతాడు, అంతే గదా" అని వెళ్లిపోయాడు. ప్రభుత్వంలో దయాదాక్షిణ్యాలు లేవనేవాళ్లు ఆ రోజు అక్కడ ఉండి ఉండవలసింది.

శుక్రవారం పదిన్నరకు షామియానా కింద అందరూ సిద్ధంగా ఉన్నారు. వరదరాజులు మండీ నుంచి నిలువెత్తు రోజామాల ఆటోరిక్షాలో దిగింది. మంత్రిగారు రాలేదు. అర్జెంటు ఫైలు వచ్చిందని ఫోను వచ్చింది. మంత్రిగారి పార్టీకి రాహుకాలం మీద నమ్మకం లేదు. రాహుకాలాన్ని ఖండిస్తూ ఆయన చేసిన ప్రసంగాలు పుస్తకంగా కూడా వచ్చాయి. కాకపోతే సరిగ్గా ఆ వేళకే ఆయనకు అర్జెంటు ఫైళ్లు వస్తుంటాయి. సోమవారం ఎనిమిది గంటలకని మార్చారు. ఆ వేళకూ ఒక ఫైలు వచ్చింది.

ఆదిమూలం గారు నిరాశ పడే మనిషి కాదు. గోడమీది డైలీ క్యాలెండరును శాస్త్రీయంగా అధ్యయనం చేసి, ఫైళ్లు ఏయే రోజు ఏయే వేళల్లో వస్తాయో కనిపెట్టి, బుధవారం పది గంటలు ఖాయం చేశారు. వాడిపోయిన మాలల్ని చూసి మాత్రం నిట్టూర్చారు. "కోల్డ్ రూమొకటి ఉండి ఉంటే ఫ్రెష్‌గా పెట్టుకోనుంటిమి" అన్నారు.

ఇంట్లో వరదరాజులు మహా హుషారుగా ఉన్నాడు. "మీ మంత్రి రాకుండా ఉండేదే మేలు కోకిలా. వారానికి రెండు మాలలు పోతా ఉండాయి."

"నైనా, నా ఎంజైము ఆడ ఇరుక్కోనుంటే నీకు మాలల గోలా?"

"దాన్ని ఈడికి తెచ్చి మండీలో పెట్టుకోరాదా? తడి గోనె కప్పితే మల్లెపూలే రెండు దినాలు ఉంటాయి. నీ లివరు ఉండదా?"

కోకిలకు కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అన్నం సగంలో వదిలేసి లేచిపోయింది.

బుధవారం పది గంటలకు, ఆ వేళకు ఏ ఫైలూ రానందువల్ల, మంత్రిగారు నవ్వుతూ దిగారు. మాల వేశారు. శాలువా కప్పారు. ఆయన వెండి కత్తెరతో రిబ్బను కత్తిరించారు. ఫోటోగ్రాఫరు "ఇంకొక్కసారి సార్" అంటే, తెగిన రిబ్బను ముక్కను పట్టుకుని ఇంకొక్కసారి కత్తిరించారు. తర్వాత గంభీరంగా ఎర్ర బటన్ నొక్కారు.

నాలుగేళ్లుగా గుర్రుమంటున్న కంప్రెసరు ఠక్కున ఆగిపోయింది.

చప్పట్లు మారుమోగాయి. "ఆహా, ఎంత సైలెంట్‌గా నడుస్తుందో!" అని మంత్రిగారు మెచ్చుకున్నారు. "అంతా తమరి చేతి మహిమ" అన్నారు ఆదిమూలం గారు. కోదండరాం ఒక్కడూ మొహం తుడుచుకుంటూ గుంపు వెనక్కి జరిగాడు.

కోకిల డైరెక్టర్ చెవి దగ్గరికి వెళ్లింది. "సార్, ఆగిపోయింది. ఇంకొకసారి నొక్కితే చాలు సార్."

"నోర్ముయ్" అన్నారు ఆయన నవ్వు చెదరకుండా. "మంత్రిగారు నొక్కినదాన్ని మళ్లీ నొక్కేదానికి మనమెవరం? అట్ల నొక్కాలంటే ఆయన్నే మళ్లీ పిలవాల."

ఇక అక్కడ నిలబడి లాభం లేదని కోకిలకు అర్థమైంది. తలుపు తీసి లోపలికి దూరింది. చలి ఇంకా ఉంది. గొట్టాలు చేతికి తీసుకుని బయటికి వచ్చి చుట్టూ చూసింది. షామియానా పక్కన, మంత్రిగారి పరివారం కోసం తెచ్చిన సోడా సీసాలు ఐసు బకెట్లో మునిగి ఉన్నాయి. సీసాలన్నీ ఎత్తి బల్లమీద పెట్టేసి, బకెట్టుతో సహా తన ల్యాబుకు ఉడాయించింది. మంత్రిగారు ఆ రోజు వెచ్చటి సోడా తాగారు. కోకిల ఎంజైము బతికింది. సాయంత్రంలోగా ఆఖరి కొలత వచ్చేసింది. ఆ పిల్ల ఎప్పుడూ లేనిది ల్యాబులో ఒక్కతే గంతులేసింది.

థీసిస్ టైపు కొట్టించి తెస్తే ఆదిమూలం గారు మొదటి పేజీలు తిప్పి, ఉలిక్కిపడ్డారు.

"ఏందమ్మా ఇది? మూడేళ్లుగా కోల్డ్ రూములో చేసినట్టు రాసినావే?"

"చేశాను గదా సార్. మీరూ చూశారు గదా."

"కోల్డ్ రూము ప్రారంభమైంది ఎప్పుడు?"

"పోయిన బుధవారం."

"అంతకుముందు లేని రూములో చేసినానని రాస్తే దాన్నేమంటారు? ఫ్రాడ్ అంటారు. దీనిమీద నేను సంతకం పెట్టేదానికి లేదు." ఆయన గొంతు తగ్గించారు. "తేదీలు మార్చు. కోల్డ్ రూము పని అంతా బుధవారం తర్వాతిదే అని రాయి. నిజం రాయమంటున్నా, అంతే."

కోకిల ఆ రాత్రంతా అవమానంతో కుతకుతలాడింది. మూడేళ్లు స్వెట్టరులో వణికింది తను. పొద్దున లేచి, ఫెలోషిప్‌కు మిగిలిన రోజులు తలుచుకుని, తేదీలు మార్చింది. సంతకం పడింది. ఆదిమూలం గారు అదే ఊపులో పత్రికలకు కూడా ఒక ప్రకటన పంపారు. "మంత్రివర్యులు ప్రారంభించిన వారంలోనే డాక్టరేట్ పరిశోధన పూర్తి! దేశంలో ఇదే ప్రథమం!"

పట్టా వచ్చేవరకూ ఆ ఎర్ర బటన్ మీద మళ్లీ ఎవరి వేలూ పడలేదు. వచ్చాక సన్మాన సభ పెట్టారు. వరదరాజులు మండీ నుంచి ఈసారి రెండు మాలలు దిగాయి. కూతురికి వేయబోయే మాలను ఆయన తన చేత్తోనే కట్టాడు. మంత్రిగారు వేదికమీద తమిళంలో గంటసేపు గర్జించారు. గత ప్రభుత్వాల హయాంలో ఒక పీహెచ్‌డీకి అయిదేళ్లు పట్టేదనీ, తమ ప్రభుత్వం దాన్ని వారానికి తెచ్చిందనీ, త్వరలో జిల్లాకొక కోల్డ్ రూమును స్వయంగా ప్రారంభిస్తాననీ ప్రకటించారు. ఆదిమూలం గారు కళ్లు ఒత్తుకున్నారు.

కోకిలకు శాలువా కప్పుతూ మంత్రిగారు ముందుకు వంగారు. ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే. మైకుకు వినబడకుండా మెల్లిగా అడిగారు.

"ఏమ్మా, రూము బాగా పనిచేస్తా ఉండాదా?"

కోకిల చేతులు జోడించింది.

"తమరు నొక్కినప్పటి నుంచి ఒక్క రిపేరు కూడా రాలేదండీ."