కరివేపాకు మీద కెమెరా

ముందు మీ ఫోన్లన్నీ తీసి ఆ మంచం మీద పడేసి, పైన దిండొకటి పెట్టండి. అప్పుడు చెప్తాను. నవ్వకండి. నేనూ మీలాగే నవ్వినవాణ్ణే. ఇప్పుడు మా ఇంట్లో ఫోను బియ్యం డబ్బాలో ఉంటోంది.

మా రైల్వే క్వార్టర్ల లైన్లో తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. మా తాతగారు పలాస నుంచి పట్టాలు వెయ్యడానికని రాయపూర్ వచ్చి, పట్టాలు అయిపోయినా తిరిగి వెళ్ళలేదు. మా క్వార్టరు ఎంతుంటుందో మీకు తెలుసు. పక్కింటి వర్మాజీ దగ్గితే మా పోపుల పెట్టె కదులుతుంది. అలాంటి కొంపలో మొగుడూ పెళ్ళాలం ఇన్నేళ్ళూ మనసు విప్పి మాట్లాడుకున్నామంటే అదంతా తెలుగు చలవే. తలుపు వేసుకోనక్కర్లేదు, గొంతు తగ్గించుకోనక్కర్లేదు. కూరలవాడి ఎదురుగానే "వీడి వంకాయలు పుచ్చులు, పద" అనుకునేవాళ్ళం. డాక్టరు నాడి పట్టుకుని ఉండగానే "ఈయనకి చెవుడనుకుంటాను" అనుకునేవాళ్ళం. ఆయన నవ్వుతూ తలూపేవాడు.

డ్యూటీ దిగి వచ్చాక వరండాలో కుర్చీలు వేసుకుని, టీ తాగుతూ, దారిన పోయేవాళ్ళ గురించి వాళ్ళ ముందే మా ఆవిడ గంగాభవానితో చెప్పుకునే కబుర్లే నా బతుక్కి సుఖం. పగలంతా వ్యాగన్ షాపులో సుత్తి మోతకి చెవులు దిబ్బెళ్ళు పడినా, సాయంత్రం ఆ కబుర్లున్నాయి కదా అని ఓర్చుకునేవాణ్ణి.

లైన్లో అందరికీ పేర్లు పెట్టుకున్నాం. వర్మాజీ మాకు గూడ్సుబండి. తెల్లవారగట్ల దగ్గు మొదలెడితే ఆఖరి పెట్టె దాటేసరికి పొద్దెక్కుతుంది. దేవాంగన్ భాభీ గరిటమ్మ. కూతురి పెళ్ళికని మా పెద్ద గరిట పట్టుకెళ్ళింది. ఆ పెళ్ళికూతురు బిడ్డల తల్లి అయింది గానీ గరిట మాత్రం రాలేదు. ఎదురింటి ఉమేష్ సాహూ సగం సిగ్నల్. మా లైనుకి బ్రాడ్‌బ్యాండ్ తీగ లాగించి, అందరికీ తన వైఫై పంచి పెట్టిన పుణ్యాత్ముడు వాడే. పుణ్యాత్ముడైతే మాత్రం పేరు పెట్టకుండా ఎలా ఉంటాం?

గొడవంతా కరివేపాకుతో వచ్చింది. మా వాకిట్లో పెద్ద కరివేపాకు చెట్టుంది. కొన్నాళ్ళుగా పొద్దున్న లేచి చూస్తే కొమ్మలు బోడి. ఎవరో దూసుకుపోతున్నారు. నాకు అన్నం సహించడం మానేసింది.

"కెమెరా పెట్టిస్తాను," అన్నాను.

"కరివేపాక్కి కెమెరా ఏటండీ," అంది మా ఆవిడ. "రేపు కొత్తిమీరకి పోలీసుని పెడతారేటి?"

"ఇవాళ కరివేపాకు, రేపు సైకిలు. దొంగన్నవాడికి భయం ఉండాలి."

"అది మాటలు కూడా వింటాదంట. ప్రీతి చెప్పింది." ప్రీతి అంటే ఉమేష్ పెళ్ళాం.

"విననీ. మనం మాట్లాడేది తెలుగు. రాయపూర్లో తెలుగుని మించిన తాళం లేదు."

మా ఆవిడ నా వంక అదోలా చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు అప్పుడే అర్థమై ఉంటే ఇవాళ మీ ముందు ఇలా ఏడుస్తూ కూర్చునేవాణ్ణి కాదు.

ఉమేష్ వచ్చి వరండా స్తంభానికి కెమెరా బిగించాడు. గేటూ చెట్టూ రోడ్డూ అన్నీ కనిపిస్తున్నాయి. "అంకుల్, వీడియో సిర్ఫ్ ఆప్‌కే ఫోన్ మే?" అన్నాడు. నా ఒక్కడి ఫోన్లోనే రావాలా అని. అక్కడ నా తెలివి విజృంభించింది. "సబ్ కే ఫోన్ మే డాలో," అందరి ఫోన్లలోనూ పెట్టెయ్యి అన్నాను. లైన్లో ఎవరు మెలకువగా ఉంటే వాళ్ళే దొంగని పట్టుకుంటారు, నా నిద్ర నాకు దక్కుతుంది. ఆ కెమెరాకి కుటుంబ సభ్యులు అని ఒక వరస ఉందట. అందులో లైన్లో ఉన్న ఇళ్ళన్నీ ఎక్కించాడు. ఒక్క మధ్యాహ్నంలో నాకంత కుటుంబం ఏర్పడింది.

తర్వాత ఫోన్లో ఏవో షరతులు వచ్చాయి. పైకి తోస్తున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. అవి చదవాలంటే నాకు రిటైర్మెంట్ వచ్చేస్తుంది. ఒప్పుకుంటున్నాను అన్న చోటల్లా నొక్కుకుంటూ పోయాను. కాపలా లైనువాళ్ళదే కదా అని ఆ తర్వాత నేను వీడియో తెరిచి చూసిందే లేదు.

ఆ రోజు నుంచి మా ఆవిడలో ఏదో మార్పు వచ్చింది. వరండాలో కూర్చుని నేను ఎప్పటిలాగే "అదిగో గరిటమ్మ వస్తోంది, వంటింటి తలుపు వెయ్యి" అంటాను. ఆవిడ "అలాగనకండి, పాపం మంచి మనిషి. నాకు జ్వరమొస్తే జావ కాసి తెచ్చింది" అంటుంది. నేను "గూడ్సుబండి లూప్ లైన్లోకి పోయి ఆగితే బాగుణ్ణు" అంటాను. ఆవిడ "ఆయన దగ్గుకి అల్లం కషాయం పంపనా" అంటుంది. ఒకరోజు ఆవిడే కదిపింది. "ఉమేష్ ఎలాంటోడంటారు?" అని. నేను టీ గ్లాసు కింద పెట్టి మరీ చెప్పాను. వాడి బుర్రకి సగమే సిగ్నల్ అందుతుందనీ, మిగతా సగం పెళ్ళాం దగ్గర అద్దెకి తెచ్చుకుంటాడనీ. మా ఆవిడ "మన పిల్లాడి లాంటోడండీ" అంది. ఈవిడకి వయసు మీద పడి భక్తి ముదిరిందనుకున్నాను.

కరివేపాకు మాత్రం భద్రంగా ఉంది. ఒక్క ఆకు పోలేదు. పోవడానికి గేటు దాకా ఎవరైనా వస్తే కదా. వర్మాజీ పొద్దున్న నమస్తే మానేశాడు. ప్రీతి నన్ను చూసి పక్కకి తిరిగిపోతోంది. చూశారా, కెమెరా భయం అంటే ఇదీ, అని నేను మీసం సవరించుకున్నాను.

ఒక ఆదివారం దేవాంగన్ భాభీ గేటు తీసుకుని వచ్చి, తళతళా తోమిన మా పెద్ద గరిట నా చేతిలో పెట్టింది.

"లీజియే రావుజీ. కల్ఛీ మాతా ఆయీ హై."

కల్ఛీ అంటే గరిట. మాతా అంటే అమ్మ. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ వెనకాలే వర్మాజీ గేటు ముందు నిలబడి, తీరిగ్గా దగ్గి, "మాల్‌గాడీ పాస్ హో గయీ," గూడ్సుబండి దాటిపోయింది, అని చెప్పి మరీ వెళ్ళాడు.

ఉమేష్ ఇంటికి పరిగెత్తాను. వాడు తన ఫోను నా ముందు పెట్టాడు. వీడియోలో నేను టీ తాగుతూ మాట్లాడుతున్నాను. నా మాట కింద నా మాటే హిందీలో అక్షరాలై పరుగెడుతోంది. గూడ్సుబండి మాల్‌గాడీ అయింది. సగం సిగ్నల్ ఆధా సిగ్నల్ అయింది. గరిటమ్మని మాత్రం ఆ యంత్రం ఎంతో మర్యాదగా కల్ఛీ మాతా చేసింది.

"ఇది ఎప్పట్నించి?" అన్నాను హిందీలో.

"పెహ్లే దిన్ సే, అంకుల్. ఆప్‌నే హీ యెస్ దబాయా థా," అన్నాడు. మొదటి రోజు నుంచీ. నేనే నొక్కానట. "బాకీ సగం సిగ్నల్ ప్రీతి దగ్గరుంది, పిలవనా?" అని కూడా అన్నాడు.

నేను అన్నవన్నీ చూపించాడు. మా ఆవిడ అన్నవీ చూపించాడు. ప్రతి వీడియోలో నేను రాక్షసుణ్ణి, ఆవిడ సాక్షాత్తూ లక్ష్మీదేవి. లైన్లో ఆడవాళ్ళంతా అవి చూసి కళ్ళు తుడుచుకున్నారట, ఇంత మంచి మనిషి అలాంటివాడితో ఎలా వేగుతోందో అని.

ఇంటికొచ్చి అడిగాను. "నీకు తెలుసా?"

"ప్రీతి మర్నాడే చూపించింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"వింటాదని ముందే చెప్పీసేను కదా. తాళం అన్నారు. మళ్ళీ చెప్తే ఆగుతారేటి?" పప్పు గిన్నె మీంచి ఆవిడ తల ఎత్తలేదు. "నాలుగు రోజులు సిగ్గు పడతారు, కెమెరా పీకీస్తారు అనుకున్నాను."

"అదుండనీ. కరివేపాకు దొంగ ఎవరో అది తేలలేదు."

"దొంగెవరండీ? నేనే ఇచ్చేదాన్ని. మీరు లేవకముందు తలో కొమ్మా కోసి గోడ మీంచి అందించేదాన్ని. మీ నోటికి ఈ లైన్లో మనకి అదైనా లేకపోతే పలకరించేవాళ్ళు ఎవరుంటారు?"

నేను స్టూలు వేసుకుని, స్క్రూడ్రైవరు పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. మొదటి స్క్రూ ఊడలేదు, లైను లైనంతా గేటు దగ్గరుంది. అందరి ఫోన్లలోనూ నా మొహం పెద్దదిగా కనిపించింది మరి. ఇది లైనంతటి కెమెరా అన్నారు. రోడ్డు మీద పిల్లలు ఆడుకుంటుంటే ఇంట్లోంచే చూసుకుంటున్నామన్నారు. తీస్తే మా వైఫై కట్ అన్నాడు ఉమేష్. మా ఆవిడ రోజూ పలాసలో ఉన్న వాళ్ళక్కని ఫోన్లో చూసుకునేది ఆ వైఫై మీదే. ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను స్టూలు దిగిపోయాను.

పోనీ, చట్టం లేదా అని ఆ కెమెరా కంపెనీకి ఫోన్ చేశాను. మీ గోప్యత మాకు ప్రాణం, ఈ కాల్ రికార్డ్ అవుతోంది అంది అటునుంచి ఒక గొంతు. చాలాసేపు పాట వినిపించి, ఆఖరికి ఒక మనిషి వచ్చాడు. మా మాటలన్నీ చెరిపెయ్యి బాబూ అన్నాను. తప్పకుండా సార్, అది మీ గొంతే అని తెలియాలి, కాస్త ఏదైనా మాట్లాడి పంపండి, ఆధారూ ఫోటో కూడా పంపండి అన్నాడు. మాట్లాడ్డం వల్లే కదయ్యా ఈ గతి పట్టింది అన్నాను. అది కూడా రికార్డ్ అయింది.

ఇప్పుడు నా పరిస్థితి వినండి. నాకు షుగరు. టాటీబంధ్ బజారు నుంచి వస్తూ వరండాలో జిలేబీ పొట్లం విప్పితే, నోట్లో పెట్టుకోకముందే వర్మాజీ గోడవతల నుంచి "రావుజీ, షుగర్" అని కేకేస్తాడు. లుంగీ ఎగ్గడితే ప్రీతి తలుపు వేసుకుంటుంది. కరివేపాకు మాత్రం పట్టపగలే కోసుకుంటున్నారు, కెమెరాకేసి చూసి నవ్వి మరీ కోసుకుంటున్నారు.

అవన్నీ భరిస్తానండీ. నా ఏడుపు అది కాదు. నిన్న సాయంత్రం కూడా కుర్చీలు వేశాను. మా ఆవిడ టీ తెచ్చింది. ఇద్దరం చెట్టుకేసి చూస్తూ కూర్చున్నాం. చాలా రోజులైంది ఆవిడతో ఒక్క మాట సరిగ్గా మాట్లాడి. వంటింట్లోకి వెళ్తే గోడకి వర్మాజీ చెవి ఉందేమో అనిపిస్తుంది, ఫోను డబ్బాలో పెట్టినా ఆ డబ్బా వింటోందేమో అనిపిస్తుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"భవానీ, ఏదైనా మాట్లాడవే," అన్నాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. నవ్వు లేదు మొహంలో.

"ఏ భాషలోనండీ?"

ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఇంతలో లోపల బియ్యం డబ్బాలో ఫోను మోగింది. తీస్తే దేవాంగన్ భాభీ.

"క్యా హువా రావుజీ? కబ్ సే చుప్ బైఠే హైఁ దోనోఁ. ఝగడా హువా క్యా?"

ఎంతసేపట్నించో మాట లేకుండా కూర్చున్నారు, పోట్లాడుకున్నారా అని ఆవిడ బెంగ. లేదు బెహన్‌జీ, అంతా బాగానే ఉంది అని హిందీలోనే చెప్పాను. వరండాలోకి వచ్చి చూస్తే, మా ఆవిడ కెమెరా వైపు తిరిగి నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. నేనూ పక్కన నిలబడి ఊపాను.